కలప తేమను కొలుచు మీటరు: సంఘమువారు ఎట్టిది కొనవలెను?

గట్లమీదను, తోటల సరిహద్దులందును టేకు నాటిన సభ్యులలో పలువురకు ఇప్పుడా చెట్లు కోతకు వచ్చియున్నవి. కొందరు దుంగలనే అమ్ముకొనుచున్నారు. మఱికొందరు కోతమిల్లునకు తోలించి, పలకలు కోయించి, స్వంత గృహములకు ద్వారబంధములును తలుపులును చేయించుకొనుచున్నారు. ఈ రెండవ తరగతివారినుండి మాకు తఱచుగా వినవచ్చు మొఱ యొకటి కలదు. దీపావళినాటికి బిగించిన తలుపు వేసవి వచ్చుసరికి పలకల నడుమ సందులు విడిచి వెలుతురు చూపుచున్నదనియు, గొళ్లెము కొండికి అందక పోవుచున్నదనియు వారు చెప్పుదురు. వడ్రంగి కలపను నిందించును. కలప అమ్మినవాడు వడ్రంగిని నిందించును. ఇంటివాడు అప్పటికే ఇద్దరికిని సొమ్ము చెల్లించి యుండును.

ఈ తగవును తీర్చుటకు సంఘము పక్షమున తేమ మీటరు నొకదానిని కొని, సభ్యులకు చిన్న రుసుముపై ఇచ్చుట మంచిదని పెక్కుచోట్ల యోచన జరుగుచున్నది. యోచన మంచిదే. అయితే బజారులో దొరకు మీటర్లు అన్నియు ఒక తరగతివి కావు. కొన్ని వందల రూపాయలకు దొరకునవి కలవు. అనేక వేల రూపాయలు పెట్టవలసినవియు కలవు. అన్నియు అంకెనొకదానిని చూపును. ఆ అంకె దేనిని గూర్చినదో తెలియక కొన్నచో, సంఘము సొమ్ముతో కొత్త తగవును కొని తెచ్చుకొన్నట్లగును. కావున మీటరు వెలను విచారించుటకు పూర్వము, అది చూపు అంకెకు అర్థమేమో సభ్యులు తెలిసికొనవలసియున్నది.

పచ్చి కలపలో నీరు రెండు విధములుగా నుండును. నారల నడుమనున్న సన్నని గొట్టములలో నిండియుండు నీరు మొదటిది. నార గోడలలోనే ఇంకి, దానిని పట్టుకొనియుండు నీరు రెండవది. తడిగుడ్డను పిండినప్పుడు ధారగా కారు నీరు మొదటిదానివంటిది. పిండిన తరువాతను గుడ్డ తడిగానే యుండుటకు కారణమైన నీరు రెండవదానివంటిది. చెట్టు కొట్టిన పిమ్మట మొదట పోవునది గొట్టములలోని నీరే. అది పోవునంతవఱకు కలప బరువు తగ్గునేకాని కొలత తగ్గదు. తేమ నూటికి 25 మొదలు 30 వంతులకు దిగినప్పుడు గొట్టములు ఖాళీయగును. అప్పటినుండి నార గోడలలోని నీరు పోవ నారంభించును. కలప క్రుంగుటయు, వంగుటయు, చీలుటయు అప్పటినుండియే. వడ్రంగికి కావలసిన లెక్క ఈ రెండవ నీటి లెక్క.

టేకు సాధువైన కలప యని వడ్రంగు లందురు, అది నిజము. అయినను పచ్చిస్థితినుండి బొత్తిగా ఎండువఱకు అది వార్షిక వలయముల వెంబడి నూటికి సుమారు 6 వంతులును, మధ్యనుండి బెరడువైపునకు 2½ వంతులును క్రుంగును. ఈ రెండు దిక్కుల క్రుంగుదల సమానము కాకపోవుటచేతనే పలకలు దొప్పగా లేచును. 25 వంతుల తేమగల 10 అంగుళముల వెడల్పు పలకను తలుపున అమర్చితిమనుకొందము. అది వలయముల వెంబడి కోసినదైనచో, 12 వంతులకు ఎండునాటికి పావు అంగుళము క్రుంగును. అట్టి పలకలు మూడున్న తలుపునకు ముప్పావు అంగుళము తప్పును. వేసవిలో కనుపించు వెలుతురు ఇదియే.

అట్లని కలపను ఎంత యెండించిన అంత మంచిదని తలపరాదు. బొత్తిగా ఎండిన కలప వానకాలపు గాలినుండి నీటిని మరల పీల్చుకొని ఉబ్బును. ఏ యూరి గాలికి ఆ యూరి తేమ కలదు. కలప ఆ గాలితో సమాధానపడి నిలుచు స్థితికి దానిని ముందుగనే తెచ్చుట మన పని. భారత ప్రమాణముల సంస్థవారి 287వ సంఖ్య ప్రమాణము, గాలిలోని తేమనుబట్టి దేశమును 4 మండలములుగా విభజించి, ఏ వస్తువునకు ఎంత తేమవఱకు ఉండవచ్చునో చెప్పుచున్నది. తలుపులకును కిటికీలకును, 2 అంగుళములును అంతకు మించినదియునగు మందముగల కలప పొడి మండలమున 10 వంతులకును, మిక్కిలి తేమగల మండలమున 16 వంతులకును మించరాదు. అంతకన్న పలుచని కలపకు ఈ హద్దులు 8, 14. సముద్రతీరపు గ్రామములు తేమ మండలమునకు చెందినవి. లోపలి మెట్టసీమలవారు అంతకు తక్కువ హద్దును పాటింపవలెను. తేమ 20 వంతులకు దిగువనున్న కలపకు బూజు పట్టి చివుకుటయను బాధ యుండదు. కాని చివుకకుండుటకును తలుపు సరిగా పడుటకును చాల దూరము కలదు.

ఇక ముఖ్యమైన సంగతి. తేమ మీటరు అనగానే మన రైతులకు ధాన్యము కొనుగోలు కేంద్రమున చూచు మీటరే జ్ఞప్తికి వచ్చును. ధాన్యమున తేమ 17 వంతులకు మించరాదను నిబంధన ఎల్లరకు తెలిసినదే. ఆ యొక్క వంతు కొఱకు కళ్లములో మరల రెండు దినములు ఎండబెట్టినవారు మన సభ్యులలో ఎందరో కలరు. అయితే ధాన్యపు లెక్కయు కలప లెక్కయు ఒకటి కావు. ధాన్యమున, నీటితోకూడ నున్న మొత్తపు బరువులో నీరు ఎన్నవ వంతో చూతురు. కలపలో, నీరంతయు పోయిన తరువాత మిగులు పొడి బరువునకు నీరు ఎన్ని వంతులో చూతురు. 100 కిలోల ధాన్యములో 17 కిలోల నీరున్నచో పొడి సరుకు 83 కిలోలు. ధాన్యపు లెక్కలో అది 17. అదే పాళ్లు గల కలపను కలప లెక్కలో చూచినచో 20½. ఈ లెక్కనుబట్టియే పచ్చి కలపలో తేమ 100 వంతులకు మించుటయు సంభవించును. అది విని కొందరు నవ్విరి. పొడి కలపకన్న దానిలోని నీరే ఎక్కువ బరువున్నదని మాత్రమే దాని యర్థము.

సంఘమునకు ధాన్యపు మీటరు ఇదివఱకే కలదు గదా, రంపపుపొట్టును ఆ గిన్నెలో పోసి చూడరాదా యని యొక సభ్యుడు మమ్ముల నడిగెను. చూడరాదు. ఆ మీటరును ధాన్యమునకే సరిదిద్ది యుంచిరి. పైగా రంపము వేడికి పొట్టులోని తేమ కొంత కోతలోనే పోవును.

కలప మీటర్లు ముఖ్యముగా రెండు జాతులు. సూదులు గలవి కొన్ని, సూదులు లేనివి కొన్ని.

సూదుల మీటరు విద్యుత్తుపై ఆధారపడి పనిచేయును. పొడి కలప విద్యుత్తును మిక్కిలి కష్టముగా పోనిచ్చును. తడి కలప సులభముగా పోనిచ్చును. తేమ తగ్గుకొలది ఈ నిరోధము అనేక వేల రెట్లు పెరుగును. ఈ నిరోధమునుబట్టి కలప తేమను కొలువవచ్చునని 1927లో అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ స్టామ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. నేటి సూదుల మీటర్లన్నియు ఆ సూత్రము ననుసరించినవే. సూదులు రెంటిని కలపలో దింపినచో, ఆ రెంటి నడుమ ప్రవహించు విద్యుత్తునుబట్టి మీటరు అంకెను చూపును. ఈ విధానము సుమారు 7 వంతులనుండి 25, 30 వంతులవఱకే నమ్మదగినది. 60 వంతులనియు 90 వంతులనియు చూపు మీటర్లు బజారులో నున్నవి గాని, 30కి పైన అవి చూపు అంకెలను పచ్చి యనుటకు గుర్తుగా గ్రహింపవలెనేకాని కొలతగా గ్రహింపరాదు. అంత ఎక్కువ అంకెలను చూపుట మీటరు గొప్పతనమని అంగడివాడు చెప్పినచో నమ్మవలదు.

మీటరు ఎన్నికలో మేము అన్నిటికన్న ముఖ్యముగా నెంచునది సూది పొడవు. కలప బయటినుండి లోపలికి ఎండును. పైపొర 12 వంతులకు వచ్చినప్పుడు నడుమ 22 ఉండవచ్చును. చేతిలో ఇముడు చౌక మీటర్లకు సూదులు అంగుళములో మూడవ వంతైనను ఉండవు. మన ద్వారబంధములకు వాడు చట్టము మందము సామాన్యముగా 3 అంగుళములు. అట్టి చట్టముపై ఈ పొట్టి సూదులను గ్రుచ్చినచో అవి చూపునది చర్మపు తేమయే కాని చేవలోని తేమ కాదు. కలప కొనువాడు 12 చూచి సంతసించి సొమ్ము లెక్కించి యిచ్చును. తరువాత వడ్రంగి చిత్రిక పట్టి ఎండిన పైపొరను తీసివేయగా, తడి కలప బయటపడి, కొత్తగా ఎండ నారంభించును. ఇందులో అమ్మినవాని మోస మేమియు ఉండనక్కఱలేదు. ఆతడును అదే మీటరుతో చూచి నమ్మియుండవచ్చును.

సరాసరి తేమ తెలియుటకు సూది మొనలు మందములో నాలుగవ వంతో ఐదవ వంతో లోతునకు దిగవలెను. 1 అంగుళపు పలకకు పావు అంగుళము చాలును. 3 అంగుళముల చట్టమునకు ముప్పావు అంగుళము కావలెను. చట్టము నడిమి స్థితిని చూడగోరువారు 1½ అంగుళమువఱకు పోవలెను. ఇందులకై కొన్ని మీటర్లకు తీగతో తగిలించు ప్రత్యేకమైన పట్టు ఒకటి యుండును. ఆ పట్టులో పొడుగు సూదులు రెండు బిగించియుండును. పట్టునకే యున్న జారు బరువుతో సుత్తివలె కొట్టి వానిని కలపలోనికి దింపుదురు. ఆ సూదులకు మొన తప్ప మిగిలిన భాగమంతయు విద్యుత్తు సోకని పూత పూయబడి యుండవలెను. పూత లేనిచో సూది తాకిన పొరలలో దేనిలో తేమ ఎక్కువయో దానినే మీటరు చూపును. రాత్రి కురిసిన చినుకులకు పైన తడిసిన ఎండు చట్టముకూడ పచ్చిదిగా కనుపించును. పూతగల సూదులతో పావు అంగుళమున నొకసారి, ముప్పావున నొకసారి, నడుమ నొకసారి చూచినచో, పైకిని లోపలికిని గల భేదమే మనకు అసలు వార్తను తెలుపును. ఆ భేదము రెండు మూడు వంతులకు మించనప్పుడు కలప పనికి సిద్ధమని మా యభిప్రాయము.

సూదులు లేని మీటరును కలపపై ఆనించిన చాలును. దాని అడుగునున్న రేకు కలపలోనికి విద్యుత్ క్షేత్రమును ప్రసరింపజేసి, తిరిగివచ్చు ప్రభావమునుబట్టి తేమను చెప్పును. రంధ్రములు పడవు, నూఱు పలకలను కొద్దిసేపటిలో చూచి, అనుమానింపదగిన వానిని వేఱు చేయవచ్చును. సామాను చేసి అమ్ము కార్ఖానాలకు ఇది మిక్కిలి అనుకూలము. మన సంఘములకు మాత్రము దీని యందు మూడు చిక్కులు కలవు. కలప మందము మీటరు చూచు లోతుకంటె తక్కువైనచో, అడుగుననున్న తడి నేలయో ఇనుప బల్లయో కూడ లెక్కలో కలియును. ఉపరితలము నునుపుగా లేనిచో, అనగా రంపపు గరుకుతో నున్నచో, నడుమ గాలి చేరి అంకె తగ్గును. మూడవ చిక్కు కలప సాంద్రతకు సంబంధించినది. ఈ మీటరు నీటిని మాత్రమే గాక కలప బరువునుకూడ చూచును. టేకునకు సరిపెట్టిన మీటరును నల్లతుమ్మపై ఆనించినచో, తుమ్మ బరువైన కలప గనుక, ఉన్నదానికన్న ఎక్కువ తేమను చూపును. ప్రతి జాతికిని సాంద్రతను తెలిసి మార్చుకొనుచుండవలెను. ఒకే చెట్టు టేకులోనైనను బరువు ఒక్క తీరున నుండదు గదా.

సూదుల మీటరునకును దిద్దుబాట్లు కావలెను. వీనిలో మన దేశమునకు ముఖ్యమైనది వేడికి సంబంధించినది. ఈ మీటర్లను చాలవఱకు 20 డిగ్రీల సెంటీగ్రేడు వేడిగల కలపకు సరిదిద్ది అమ్ముదురు. కలప అంతకన్న వేడిగా నున్నచో విద్యుత్తు సులభముగా పోవును. మీటరు తేమను ఎక్కువ చేసి చూపును. వాడుకలో నున్న తేమలకు ప్రతి 10 డిగ్రీలకును సుమారు ఒక వంతు తీసివేయవలెను. మే నెలలో 40 డిగ్రీల వేడిలో పాకలోనున్న చట్టము 14 చూపినచో, నిజమైన తేమ సుమారు 12. అచ్చట నష్టపడువాడు అమ్మువాడు. పుష్యమాసపు వేకువను చింతపల్లి, అరకు ప్రాంతముల చలిలో చూచినచో తాఱుమాఱగును. మీటరు తక్కువ చూపుటచే కొనువాడు నష్టపడును. ఈ దిద్దుబాటును తనంతట చేసికొను మీటర్లు కలవు. కాని వానిలో కొన్ని గాలి వేడిని చూచునే గాని కలప వేడిని చూడవు. ఎండలోనుండి అప్పుడే లోపలికి తెచ్చిన పలకను కొన్ని గంటలు నీడను నిలిపి చూచుట మేలు.

రెండవ దిద్దుబాటు జాతిని గూర్చినది. పెక్కు మీటర్లను డగ్లస్ ఫర్ అను అమెరికా కలపకు సరిదిద్దియుందురు. మన టేకు, వేప, మద్ది, నల్లతుమ్మలకు ఆ అంకె యథాతథముగా చెల్లదు. మీటరుతో వచ్చు పుస్తకమున జాతుల పట్టిక యుండవలెను. అందు కనీసము టేకు పేరైనను ఉండవలెను. పట్టిక లేని మీటరును కొనవలదని మేము నిస్సందేహముగా చెప్పుదుము. చెదలు పట్టకుండుటకై రాగి లవణముల మందును ఎక్కించిన కలపకును, ఉప్పునీట నానిన కలపకును ఈ మీటరు పనికిరాదు. లవణములు విద్యుత్తును పోనిచ్చి లేని తేమను చూపును.

వేపకును తుమ్మకును పట్టిక దొరకనిచో ఏమి చేయవలెనను ప్రశ్న కలుగును. దీనికి మీటరు పుట్టకముందునుండియు నున్న పద్ధతియే శరణ్యము. ఇదియే సర్వప్రమాణము, మీటర్లన్నియు దీనికి దాసులు. పలక చివరనుండి అడుగున్నర విడిచి, అడ్డముగా ఒక అంగుళపు ముక్కను కోయవలెను. చివరలు త్వరగా ఎండును గనుక అక్కడి ముక్క పనికిరాదు. కోసిన వెంటనే కంసాలి త్రాసువంటి సున్నితమైన త్రాసుపై తూచి బరువు వ్రాసికొనవలెను. ఆ ముక్కను 103 డిగ్రీల వేడిగల విద్యుత్ పొయ్యిలో నుంచి, కొన్ని గంటల కొకసారి తూచుచు, రెండు పర్యాయములు ఒకే బరువు వచ్చువఱకు ఎండింపవలెను. సామాన్యముగా ఒక రాత్రియు పగలును పట్టును. మొదటి బరువు 58 గ్రాములు, కడపటి బరువు 50 గ్రాములు అనుకొందము. పోయిన నీరు 8 గ్రాములు. 8ని 50చే భాగించి 100చే గుణించగా 16 వంతులు. ముక్కను కోయుటకు ముందు ఆ చోటనే మీటరు 18 చూపియున్నచో, ఆ జాతికి ఆ తేమయొద్ద 2 తీసివేయవలెనని తెలిసినది. ఇట్లు వేపకు నాలుగైదు ముక్కలు, తుమ్మకు నాలుగైదు ముక్కలు చూచి, వచ్చిన తేడాలను మీటరు పెట్టె మూతలోపల అంటించి యుంచినచో, ఏ పుస్తకమును ఈయలేని పట్టిక సంఘమునకు ఏర్పడును.

మీటరు కొన శక్తిలేని చిన్న సంఘములు నిరాశపడనక్కఱలేదు. పలకల దొంతినుండి రెండు మూడు పలకలను గుర్తించి, వారమున కొకసారి తూచి, తేదీతోకూడ బరువును పలకపైననే సుద్దతో వ్రాయుచుండవలెను. మొదట బరువు వేగముగా దిగును; తరువాత నెమ్మదించును; నెల దినములు గడచినను తగ్గక నిలిచినప్పుడు కలప ఆ యూరి గాలితో సమాధానపడినదని తెలియును. దీనికి ఓపిక కావలెనేకాని సొమ్ము అక్కఱలేదు. కొట్టి చప్పుడు వినుటయు, చేతబట్టి బరువు చూచుటయు వడ్రంగులకు అలవాటు. పచ్చి కలపను కనిపెట్టుటకు అవి చాలును. 18 వంతులకును 12 వంతులకును గల భేదము చెవికి వినపడదు.

ఇక కొనుటను గూర్చి మా సలహా. సంఘము ఒకే మీటరును కొనదలచినచో సూదుల మీటరునే కొనవలెను. దానికి సుత్తి పట్టును, పూతగల పొడుగు సూదులును, కలప జాతుల పట్టికయు ఉండవలెను. కొత్త సూదులు విడిగా దొరకునో లేదో ముందుగా విచారింపవలెను. నల్లతుమ్మవంటి గట్టి కలపలో సూదులు వంగుటయు విఱుగుటయు తప్పదు. మీటరు సరిగా నున్నదో లేదో చూచుటకై కొందరు తయారుదారులు ఒక చిన్న బిళ్ల నిత్తురు. సూదులను దానికి తాకించినప్పుడు బిళ్లపై వ్రాసియున్న అంకెయే మీటరున కనుపింపవలెను. ఈ బిళ్ల గల మీటరునకు కొంత ఎక్కువ వెలయైనను ఈయవచ్చును. తగవు వచ్చినప్పుడు ఇరుపక్షముల యెదుట బిళ్లను చూపి మాటలాడవచ్చును గదా. దశాంశములవఱకు అంకెలు చూపుట, రంగుల దీపములు వెలుగుట మొదలగువానికై సొమ్ము పెట్టవలదు. ఈ ఉపకరణములు సరిగా వాడినను ఒకటి రెండు వంతుల తేడా సహజము. అట్టిచో దశాంశమున కేమి విలువ? ఇంత వెల పెట్టలేని సంఘము చౌక మీటరును కొనుటకన్న, ఇరుగుపొరుగు సంఘములు రెండు మూడు కలిసి మంచిదానినొకదానిని కొనుట మేలు.

మీటరును కార్యదర్శి బీరువాలో పెట్టి తాళము వేయుటవలన ప్రయోజనము లేదు; అడిగినవానికెల్ల ఇచ్చుటయు మంచిది కాదు. చేయి కుదిరిన యువకు నొకనిని, వీలైనచో వడ్రంగము తెలిసినవానిని, నియమించి అతని చేతనే చూపింపవలెను. పది పలకలకు ఒకటికి తక్కువ కాకుండ ఏరి, ప్రతిదానిని మూడుచోట్ల చూడవలెను. చివరలకును, ముడులకును, చీలికలకును దూరముగా సూదులు దింపవలెను. పుస్తకమున తేదీ, కలప జాతి, మందము, సూది లోతు, కలప వేడి, మీటరు చూపిన అంకె, దిద్దిన అంకె అను గళ్లు ఉండవలెను. ఆ వరుసకు కొనువాడును అమ్మువాడును సంతకము చేయవలెను. పని అయిన పిమ్మట సూదులను పొడిగుడ్డతో తుడిచి, వానకాలమున మీటరు వాడని నెలలలో బ్యాటరీని తీసి విడిగా నుంచవలెను. విఱిగిన సూదుల వెలను రుసుములో చేర్చుకొనవలెనా, వాడుకొన్న సభ్యునినుండి వసూలు చేయవలెనా యనునది మీటరు రాకముందే సర్వసభ్య సమావేశమున తీర్మానించుకొనుట యుక్తము.